నైనర్

గాలిలో ఫైవ్, నైన్ కలిసిపోతాయని
నైన్‌కి తోక తగిలించారు: నైనర్.

ఆ రాత్రి ముహర్రక్ మీద
అలసిన పైలట్ తోక మరిచాడు.
కంట్రోలర్ జాసిమ్
తన మనసులో ఉన్న ఫైవ్‌నే విని
"కరెక్ట్" అన్నాడు.
నల్లటి నీళ్ళ మీద రెండు విమానాలు
ఒకదాని దీపాలు ఇంకొకటి చూసి
తప్పుకున్నాయి. లోపల
నిద్రపోతున్నవాళ్ళ దుప్పటైనా జారలేదు.

రికార్డింగు తీసి ఇవ్వడం నా పని.
పదకొండుసార్లు విన్నాను.
పన్నెండోసారి
నాకూ ఫైవ్ అనే వినపడింది.

డ్యూటీ దిగి ఫోన్ చేస్తే
హైమ "ఏడు" అంది.
ఏడు వేలా, ఏడో తారీఖా,
ఏడు అందా, ఏడుస్తూ అందా,
వెనక బస్సు హారన్.
"సరే" అన్నాను, ఎప్పట్లాగే.

కార్డు అయిపోయి లైను తెగాక
నోటికొచ్చింది:
మళ్ళీ చెప్పు.