ఆరున్నొక్కటి

కరీమాబాద్‌ల నా బ్లాకుకు నూటా ఇరవై ఆరు ఇండ్లు.
పొద్దుగాల బడి, పగటీలి జనగణన.
ఫారం మడత పడొద్దు, మరక పడొద్దు అని
ట్రైనింగుల మూడుసార్లు చెప్పిండ్రు.
మిషన్ చదువుతదట.
అంకె గీత దాటితే దానికి కండ్లు కనపడయట.

ఆరు ప్రశ్నలు నీళ్ల లెక్క పోతయి.
పేరు, వరస, ఆడా మగా, పుట్టిన తేదీ,
పెండ్లయిందా, అయితే ఎన్నేండ్లకు.
ఏడోది అడిగేసరికి
ఎవరో ఒకరు లేచి తలుపు దగ్గరికేస్తరు.

సునంద అనుకోండి, పేరు మార్చిన.
వాళ్లింట్ల గోడ మీద ఒక మేకు,
మేకు కింద పొగ పట్టని తెల్లటి శిలువంత జాగ.
"హిందూ అనే రాయుండ్రి టీచర్,
పిలగాని సర్టిఫికెట్ ఉన్నది గదా."
ఎనిమిదో ప్రశ్నల ఎస్సీ అని పడాలంటే
ఏడో ప్రశ్న మోకరించుడు మానాలె.

పక్క గల్లీల మిల్లుల చేసిన పెద్దాయన
"రాసింది చూపియ్యమ్మా" అని
అద్దాలు తుడుచుకొని
అక్షరం మీద అక్షరం వేలు నడిపిండు.
పేరు తప్పు లేదు. తండ్రి పేరు తప్పు లేదు.
"ఇంకోసారి" అన్నడు.
నాకు పోసిన చాయ చల్లారింది.

ఇంజినీరింగు పిలగాడొకడు
"నాకు మతం లేదు, లేదనే రాయండి" అంటే
లోపలి నుంచి వాళ్ల నాయిన:
"వాడింకా నా రేషన్ కార్డులనే ఉన్నడు మేడం."

నూటా పదో ఇల్లు. యాకమ్మ.
ఈమె పేరు మార్చబుద్ధి కాలే.
ఎనుమాముల మార్కెట్ల నలభై ఏండ్లు మక్కలు చెరిగిన చేతులు
ఇప్పుడు మోకాళ్లకు తైలం రాసుకుంటున్నయి.
"మతం ఏందవ్వా?"
"మతి సక్కగనే ఉన్నది బిడ్డా, మోకాళ్లే పోయినయ్."

పుట్టంగనే బతకదన్నరట.
అన్నారం దర్గాకు మొక్కితే బతికిందట, అందుకే యాకమ్మ.
నొసట రూపాయంత బొట్టు.
శ్రావణంల పోచమ్మకు బోనం.
మనుమరాలు ఆదివారం చర్చిల పాడుతుంటే
ముందు వరసల కూసోని చప్పట్లు కొడుతదట.
"పిల్ల నాది. పాట ఎవలదైతేంది?"

"ఒక్కటే రాయాలె అవ్వా. ఇది ఏడో..."
"ఏడు అనకు!"
నా నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది, తైలం వాసన.
"కొలిచేకాడ ఏడు అంటరా, ఏడుపు గాదూ?
లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు,
ఆరున్నొక్కటి. అను."
అన్న.
లెక్కల టీచర్ని నేను.

"ఏదీ, నీ గడి ఎంతున్నది?"
చూపించిన. బియ్యపు గింజంత.
"నీ మానిక మస్తు చిన్నది బిడ్డా.
పోసుకో, పట్టినంత పట్టనీ.
కింద పడ్డయి మావి.
మార్కెట్ల గూడ గంతే,
సేట్లు కొలుచుకున్నంక ఊడ్చుకునేది మేమే."

ఒక అంకె వేసిన.
ఏదో చెప్పను, సంతకం పెట్టి ఒట్టేసిన.
మూడేండ్లకో నాలుగేండ్లకో శాతాలొస్తయి,
శాతం పక్కన చుక్క, చుక్క పక్కన రెండంకెలు.
ఎవలు పెరిగిండ్రు ఎవలు తగ్గిండ్రని
చాయ హోటళ్ల బల్లలు గుద్దుకుంటరు.

సోమవారం హాజరు తీస్తున్న.
ఆరో నంబరు కాడ ఎందుకో నాలుక ఆగింది.
ఏడో నంబరు పిల్ల
పిలువకముందే లేచి నిలబడి ఉంది.