కొసమాట

సైదాపురం దాటినాక రోడ్డు పక్కన మట్టి మెరుస్తా ఉంటది,
ఎవరూ ఏరుకోరు.
కాకిబంగారం. కాకులు కూడా వొద్దన్న బంగారం.
మూసేసిన మైకా గనిలో ముప్పై ఏళ్ల వాన నిలబడి ఉంది,
పచ్చగా, పాచి పట్టి,
లోతెంతో మేకలు తోలుకొచ్చే ఏడుకొండలుక్కూడా తెలీదు.

గూడూరు పిల్లోడొకడు బండి ఆపి
గట్టు మీద వొంగి ఫోన్లో తన మొహం తీసుకుంటున్నాడు.
"ఎవురన్నా ఉండారా?" అని ఊరికే అరిచాడు.
"రా" అంది బండ.
నవ్వి, జుట్టు సర్దుకుని, ఇంకో ఫోటో తీసుకున్నాడు.

గ్రీకు దేశం కొండల్లో ఒక పిల్ల ఉండేదంట,
చెట్టుకొకతె చెలమకొకతె ఉండే కన్యల్లో ఒకతె.
వాగుడుకాయ. పెద్దదేవతకు కోపమొచ్చి
ముందుమాట పీకేసి
కొసమాట మాత్రం నాలిక మీద వదిలిందంట.
మనసుపడ్డోడు నీళ్లల్లో తన్ను తానే చూసుకుంటా పోయాడు.
ఆమె కరిగి కరిగి, ఎముకలు రాళ్లయి,
గొంతొకటే మిగిలిందంట.

ఈ కథ మస్తానమ్మ పెద్దమ్మకు చెప్పాను.
ఇరవై రెండేళ్లు షెడ్డులో పీటేసుకుని
కత్తిమొనతో మైకా పొరలు విడదీసిన చెయ్యి
అడకత్తెర మీద ఆగింది.
ఆమెకిప్పుడు గొంతు లేదు, గాలి ఉంది.
దుమ్ము ముందుగా గొంతును తీసుకుంది,
ఒళ్లు ఇంకా మంచం మీదే ఉంది.
ఆ పిల్లకు తిరగబడ్డ లెక్క.

"మాకూ ఉండింది లేమ్మే అట్టాంటిది," అంది గాలితోనే.
"గని నోటికాడ నిలబడి
వారం కూలి యాడుంది? అని అరిస్తే
ఉంది, ఉంది అనేది.
ఆకలి అంటే
కలి అని పోసేది.
కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లం,
జాలయ్య మేస్త్రీ వచ్చిందాకా."

మేస్త్రీ "రేపు చూద్దాం పోండి" అనేవాడంట.
కొండా "పోండి" అనేదంట.
వాడి మాటలో మాత్రం
ఎంత తెగ్గోసినా అర్థం మారేది కాదు.

దగ్గు. చాలాసేపు. చెంబు అందించాను.

"ఆ దేవతెవరో గానీ
మా షెడ్డులో మేస్త్రీగా చేసుంటది.
తూకం తప్పని ముందు నోరు తెరిచింది బుజ్జమ్మ.
మళ్లా సోమారం ఆమె పీట మీద ఇంకొకామె.
ఇంక మేమంతా కొసమాటలోళ్లమే,
రేపంటే రేపన్నాం, చాలంటే చాలన్నాం."

వక్కముక్క బుగ్గన పెట్టుకుంది.
"ఆ పిల్ల ముందుమాట ఏందో
ఎవురన్నా రాసిపెట్టారా?"
లేదు పెద్దమ్మా.
"అడగనన్నా లేదా?"

నేను జవాబు వెతుక్కుంటా ఉంటే
గోడ తట్టు తిరిగి పడుకుంది.
"నేను పోయినాక ఆ గుంటకాడ నా పేరు పిలవబాకమ్మే,
అది అమ్మా అంటది.
నాకు బిడ్డల్లేరు,
తిరిగి చూస్తాను."