ఐదు నిమిషాల జ్ఞాపకం

"ఇవాళ దీవికి పడవ ఉందా?"
పొద్దుటినుంచి తొమ్మిది వందల మంది, ఒకటే ప్రశ్న.
ప్రతిసారీ లేచి వెళ్ళి
అరలన్నీ వెతికి వచ్చే డేటాబేస్‌కి ఆయాసం.

తోర్స్‌హావ్న్ ఆఫీసులో రన్‌వా
ఒక చిన్న లైబ్రరీ తెచ్చి నాలుగు వరుసలు రాసింది:
విన్న జవాబు మెమరీలోనే ఉంచు,
ఐదు నిమిషాలు దాటితే పారెయ్.
అడగడం పూర్తికాకముందే జవాబు!
సర్వర్ రొద తగ్గింది.
చాన్నాళ్ళకి
కాఫీ వేడిగా ఉండగానే తాగింది.

పదీ నలభైకి పొగమంచు దిగింది.
పదీ నలభై ఒకటికి పడవ రద్దు.
పదీ నలభై మూడుకి కూడా
తెర మీద: ఉంది.

సోర్వాగుర్ రేవులో హానుస్,
బంగాళాదుంపల బస్తా, గొర్రెకి మందు సీసా.
ఫోన్ చేశాడు గానీ తిట్టలేదు.
"సముద్రం లేదనే చెప్పింది,
నీ పెట్టె మాట కాదనలేక నిలబడ్డాను.
నేను మాత్రం?
ఎల్స్‌బా కిటికీకి రోజూ చెయ్యి ఊపుతాను.
ఆ ఇల్లు ఖాళీ అయి రెండు చలికాలాలు."

రన్‌వా ఇంకో వరుస చేర్చింది:
రద్దు అనగానే పాత జవాబు చెరిపెయ్.
పరీక్షించింది. పనిచేసింది.
ఆ సంగతి చెబుదామని హానుస్‌కి ఫోన్ కలిపి,
అతని గొంతు వినగానే
నోరు రాక,
మంచు విడిచిందా అని అడిగింది.