వీపు

శుక్రవారం రాత్రి, చివరి ఆట వదిలిన పదిన్నరకి
గ్రిమ్స్‌బీ రేవు పక్క మా చేపల కొట్టు నిండా
ఆవిరి పట్టిన కళ్ళజోళ్ళు.
ఇరవై మూడో ఫెన్విక్ సినిమా.
నేనింకా చూడలేదు.
వేపుడు బుట్ట దులుపుతూ
కథను చిల్లర డబ్బులతో పాటు ఏరుకుంటున్నాను.

"రెండోవాడే ఫెన్విక్" అన్నాడు ఆల్ఫ్ గ్రైస్,
ఐస్‌లాండ్ నీళ్ళలో ముప్పై ఏళ్ళు వల లాగినవాడు.
"తుపాకీ తీసేముందు కోటు గుండీ పెట్టుకునేవాడు.
అదీ మర్యాదంటే.
తర్వాత వచ్చినవాళ్ళకి
పరుగే తప్ప నడక రాదు."

డెలిస్ ఒంటికాలి మీద లేచింది.
బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, మెడలో ఇంకా డిపో కార్డు.
"నీ రెండోవాడు
గదిలో ఉన్న ఆడమనిషిని బయటికి పంపకుండా
ఒక్క ఫోనైనా మాట్లాడాడా?
నాలుగోవాడు ఏడ్చాడయ్యా, వంతెన మీద, వానలో.
ఏడ్చాకే ట్రిగ్గర్ నొక్కాడు.
ఆ మర్నాడు నేను మూడో నంబరు బస్సు
పదకొండు నిమిషాలు ఆలస్యంగా తీశాను."

"ఇరవై మూడు సినిమాల్లో
ఒక్కసారి బస్సు కోసం నిలబడ్డాడా మీవాడు?"
కజిమిర్‌కి పంతొమ్మిదేళ్ళు, నోట్లో వేడి బంగాళాదుంప.
"చొక్కా ఉతుక్కున్నాడా? అద్దె కట్టాడా?
అరవై ఏళ్ళుగా నలభై దాటనివాడు
దేశాన్ని కాపాడితే ఏం గొప్ప?
మా నాన్న చేపల షెడ్డులో ఎనిమిదేళ్ళు చేసి
ఎనభై ఏళ్ళవాడిలా వంగిపోయాడు."
ఇంత అన్నవాడే
టికెట్లు పెట్టిన అర్ధరాత్రి
మేలుకుని మరీ కొన్నాడు.

ఈసారి చస్తాడన్నారు, చావలేదు.
చచ్చినా ఏముంది,
కొత్త గడ్డంతో లేచి వస్తాడు.
వచ్చేది ఆడమనిషైతే?
వస్తే రానీ, అంది డెలిస్.
వస్తే నేను మానేస్తా, అన్నాడు ఆల్ఫ్,
పద్నాలుగో సినిమా నుంచీ మానేస్తూనే ఉన్నాడు.
వెనిగర్ ఇటివ్వు, అంది ఎవరో.

కిటికీ దగ్గర హెట్టీ ప్లాట్,
సగం చేప, ఒక గిన్నె బఠాణీ ముద్ద.
ప్రతి ఫెన్విక్‌కీ వస్తుంది, మాట మాత్రం కలపదు.
తెర మీద పేర్లన్నీ అయిపోయి
ఊడ్చేవాడు చీపురుతో వచ్చేదాకా లేవదు.
"నీ ఫెన్విక్ ఎవరమ్మా?" అన్నాను నేనే,
గోడ మీద పిల్లిని ఎటో ఒకవైపు దూకిద్దామని.

"ఆనకట్ట మీంచి దూకినవాడు."
"అది మూడోవాడు" అన్నారు ముగ్గురూ.
"రైలు కప్పు మీద పరిగెత్తినవాడు."
"అది రెండోవాడు!" ఆల్ఫ్ ముఖం వెలిగింది.
"హోటల్ అద్దం పగలగొట్టుకుని బయటపడ్డవాడు."
"మొదటివాడు."
"ఒక్కడే" అంది హెట్టీ.
"మీరు ముఖాలు లెక్కపెట్టారు.
నేను అటు తిరిగినప్పుడు చూస్తాను.
ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది,
పెళ్ళికి ముందే విరిగింది,
పావురాల గూడు బాగుచేస్తూ పడి."

నూనె చిటపట తప్ప ఏమీ లేదు కాసేపు.

"ఇవాళ్టి దాంట్లో ఉన్నాడా?" డెలిస్ గొంతు తగ్గింది.
"పోయి తొమ్మిదేళ్ళు.
మంచంలోనే, సాక్సులతో."
"మరి ఎందుకు వస్తావు?"
హెట్టీ ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది.
"ఎవరి పిల్లాడో,
ఎలా పడుతున్నాడో చూద్దామని.
మోకాళ్ళు వంచుతున్నాడు. బాగానే నేర్పారు.
మెడే ఇంకొంచెం లోపలికి పెట్టుకోవాలి."

కజిమిర్ అడిగాడు, వాడికే వినపడనంత మెల్లగా:
"ఆ ఆనకట్ట ఎంత ఎత్తు?"

"ఆయన చెప్పింది ఒకటి" అంది ఆమె,
"నేను నమ్మింది ఇంకొకటి."
కోటు వేసుకుని, స్కార్ఫు కట్టుకుని,
బఠాణీల్లో ఉప్పెక్కువైందని నాకు చెప్పి
వెళ్ళిపోయింది.

"అయినా రెండోవాడే"
అన్నాడు ఆల్ఫ్,
తలుపు వైపే చూస్తూ.