ఎవరి కుంపటి వాళ్ళది

కెమి రేవులో సముద్రం గడ్డకట్టింది.
బయట మైనస్ ఇరవై ఏడు.
కాగితం మిల్లులో, ఆరబెట్టే సిలిండర్ల వెనక గదిలో
ఇరవై స్లాట్ల పాత ర్యాకు ముందు
రైలీ ఓయకాంగస్ స్టూలు మీద కూర్చుని
చేతి తొడుగు పళ్ళతో లాగింది.
మీటరు నేను పట్టుకున్నాను.

మొదటి స్లాటు దగ్గర ఐదు వోల్టులు, నిండుగా.
పదో దాని దగ్గర నాలుగు పాయింటు ఎనిమిది ఎనిమిది.
పద్దెనిమిదికి వచ్చేసరికి నాలుగు పాయింటు ఏడు ఒకటి.
కాలువ నిండా వదిలారు,
శివారు మడి మాత్రం తడవలేదు.

రాత్రి కాగితం తెగినప్పుడల్లా
రిలేలన్నీ ఒక్కసారే గుటక వేస్తాయి.
ఆ గుటకలో పద్దెనిమిదో కార్డు
తానెవరో మరిచిపోతుంది,
లేచి మళ్ళీ సున్నా దగ్గర మొదలెడుతుంది.
అప్పటికే ఆవిరి ఎక్కువై
కాగితం అప్పడంలా వేగి ఉంటుంది.

ఆకురాలే కాలంలో యోర్మా వచ్చాడు, ఇటుకంత పెట్టెతో.
"అరవై ఆంపియర్లు. ఐదంటే ఐదు."
అంతకు ముందున్న ట్రాన్స్‌ఫార్మరు పందిపిల్లంత బరువు,
మూలుగుతూ ముతక ఎనిమిది వోల్టులు కొలిచి పోసేది.
ఏ కార్డుకి ఆ కార్డు
అంచున మూడు కాళ్ళ రెగ్యులేటరు పెట్టుకుని
తన ఐదు తాను దంచుకునేది.
మిగిలిన మూడూ ఊక, వేడిగా పోయేది.
నలభై ఆంపియర్లకి నూట ఇరవై వాట్లు గాలిపాలు,
యోర్మా లెక్క తప్పు కాదు.

"ఒక్క పొయ్యితో ఊరందరి సౌనాలూ కాగవు," అంది రైలీ.
ఎవరూ వినలేదు.
రెగ్యులేటర్లు పీకి, వాటి చోట తీగె ముక్కలు
టంకం పెట్టింది నేనే.
ఇరవై కార్డులు. రెండు రోజులు.
ఈల వేస్తూ పెట్టాను.

ఆ పెట్టెకి ఇద్దరు వేగులు, రెండు సన్నని తీగెలు.
వోల్టేజీ ఎంతుందో చూసొచ్చి చెప్పడం వాటి పని.
మొదటి స్లాటు గడప దాటకుండానే
అంతా సుభిక్షం అని చెబుతున్నాయి.
వాటిని తీసుకెళ్ళి పద్దెనిమిదో దాని దగ్గర బిగించాం.
మొదటిది కాస్త బలిసింది, చివరిది తేరుకుంది.
మూడు వారాలు బాగానే గడిచింది.

గురువారం, తెల్లవారుజామున,
సిలిండర్ల అదురుకి ఒక స్క్రూ వదులైంది.
వేగు తిరిగి రాలేదు.
పెట్టె కరువనుకుంది.
ఇంకా పొయ్యి, ఇంకా పొయ్యి అనుకుంది.
పద్నాలుగు కార్డులు ఒకే ముహూర్తాన.
ఆ వాసన నా కోటులోంచి వసంతం దాకా పోలేదు.

"అప్పుడే చెప్పాను కదా" అని రైలీ అనలేదు.
ఆదివారం, మంచు మీద కాలితో తన్నుకుంటూ
స్లెడ్జి తోసుకొచ్చింది.
గొంగళి విప్పితే లోపల పందిపిల్ల.
తుక్కు కింద కిలోల లెక్కన
తన జీతంలోంచి కొనుక్కుందట, ఎవరికీ చెప్పకుండా.

మూతబడ్డ పక్క మిల్లునుంచి కార్డులు తెచ్చాం.
తీగె ముక్కలు పీకి రెగ్యులేటర్లు మళ్ళీ పెట్టాను.
ఈసారి ఈల వేయలేదు.
శివారున ఇప్పుడు ఏడు పాయింటు ఆరు.
ఏడు దాటితే చాలు,
మిగతాది ఎవరి కుంపటి మీద వాళ్ళు వండుకుంటారు.

ఆ మాటని తిట్టుగానే విన్నాను ఇన్నాళ్ళూ.

ఫిబ్రవరిలో ఏడో స్లాటు రెగ్యులేటరు పోయింది.
పంతొమ్మిది కార్డులకి ఆ సంగతే తెలియదు.
కాఫీ చల్లారేలోపు మార్చేశాను.

నూట ఇరవై వాట్లూ ఇప్పటికీ పోతూనే ఉన్నాయి,
ర్యాకు పైకప్పు మీదికి.
అక్కడ రైలీ ఉన్ని తొడుగులు ఆరుతుంటాయి,
వాటి పక్కన నావి.
మొన్న ఇంకో జత కనిపించింది, పట్నం తోలువి.
యోర్మావే అయ్యుండాలి.
మేమెవరం అడగలేదు.