చివరి ఆయకట్టు

మూడుసార్లు బల్బులు మార్చినాను.
మొదట ప్రొద్దుటూరులో,
తర్వాత నెల్లూరు పూలమార్కెట్టు పక్కన, బేరమాడి,
మూడోసారి నూరు వాట్లవి.
అవి స్టీరింగు కింద స్విచ్చును కాల్చి
మాడిన బెల్లం వాసన పుట్టించినాయి గానీ
దారి మాత్రం చూపలేదు.
నా కమాండరు జీపు కండ్లు
కామెర్లొచ్చినోని కండ్ల మాదిరి అట్లనే ఉండిపోయినాయి.

బద్వేలు ఘాట్లో, రాత్రి రెండు దాటినాక,
ఎనుక లైటు లేని బండల ట్రాక్టరొకటి
రోడ్డు నడిమధ్యన నిలబడుంటే
ముందు కనపడింది ట్రాక్టరు గాదు.
దాని కింద పండుకున్న మనిషి అరికాళ్ళు.
తెల్లగా, రెండు.
బ్రేకు తొక్కినాను.
చేమంతి మూటలు నా వీపు మీదికి ఉరికొచ్చినాయి.
ఆయప్ప లేచి కూర్చోని
"బీడీ ఉందా అన్నా?" అన్యాడు.

తెల్లారి మైదుకూరులో, మౌలాలి షెడ్డు.
మీటరు పెట్టి చూసినాడు.
బ్యాటరీ కాడ పన్నెండున్నర.
బల్బు కాడ తొమ్మిది ముప్పాతిక.
"బల్బుది తప్పు గాదు ఓబులేసన్నా.
మీ చాపాడు కాడ కేసీ కాలువ చూళ్ళేదా?
సుంకేసులలో గేటెత్తినప్పుడు నిండుగానే వొదుల్తారు.
నడమ తూములు, మోటార్లు, పూడిక, గండ్లు.
చివరి ఆయకట్టుకొచ్చేసరికి
తడి వాసన వస్తాది, నీళ్ళు రావు.
ఈడా అంతే.
ఎంట్రుక మాదిరి వైరు
డ్యాష్‌బోర్డు దాకా పోయి, స్విచ్చుకు మొక్కి,
నాలుగు తుప్పు కనెక్టర్లను బతిమాలి
అప్పుడు గదా వచ్చేది బల్బు కాడికి!"

నేనేం మాట్లాడలేదు.
మా నాయన ఆ చివరి ఎకరా ముప్పాతికలో
ముప్పైయేండ్లు
తొమ్మిది ముప్పాతిక వోల్టులతోనే వరి నాటినాడు.
సోమరోడన్యారు ఊర్లో.
నేనూ అన్యాను, ఒకసారి, అన్నం ముందర.

మౌలాలి పనిలో పడినాడు.
అగ్గిపెట్టెలంత రిలేలు రెండు, నల్లవి.
బ్యాటరీ నుంచి నేరుగా లావు ఎర్రవైరు, మొదట్లోనే ఫ్యూజు.
చాసిస్ మీద పెయింటు గీకి, గీకి,
ఇనుము మెరిసినాక నల్లవైరు బిగించినాడు.
"ఎర్తు సరిగ లేకుంటే
ఎంతిచ్చినా యాడ నిలబడతాది?"
పాత సన్నవైరును పారేయలేదు.
"దీనికింక మోసే పని లేదన్నా.
మాట చెప్తే చాలు, బరువు రిలే ఎత్తుకుంటాది."
నూరు వాట్లవి పీకి
ప్రొద్దుటూరు బల్బులే మళ్ళా వేసినాడు.
దానికి నేను కొట్లాడినాను.
వాళ్ళ చిన్నోడు నాగూరు నవ్వినాడు.

స్విచ్చు వేస్తే
టిక్.
చీకటి షెడ్డు ఆ చివర గోడ మీద
మసిబారిన సిమెంటు కంపెనీ అక్షరాలు
ఒక్కొక్కటే గాదు, అన్నీ ఒకేసారి లేచి నిలబడినాయి.
కింద కుక్క లేచి, విసుగ్గా, పక్కకు పోయి పండుకుంది.
మౌలాలి మాత్రం స్క్రూడ్రైవరు తీసుకోని
వెలుగును రెండు జానలు కిందికి దించినాడు.
"ఎదురొచ్చేటోనివి గూడా కండ్లే గదన్నా."

ఆ రాత్రే లోడు. ఇరవై రెండు మూటలు.
కాలువ గట్టు మలుపులో
మా తూము మీద పడింది లైటు.
పగలు గూడా ఎప్పుడూ ఇంత బాగ చూళ్ళేదు దాన్ని.
పగిలిన సిమెంటు, తుప్పు పట్టిన పలక,
నాయన పారతో కొట్టిన గాటు,
దాంట్లో ఒక బల్లి, కదలకుండా.
ఇంజను ఆపలేదు.
ఊరికే నిలబెట్టినాను, కాసేపు.
పూలు వాడిపోతాయని తెలుసు.

దూరంగా ఉల్లిగడ్డల లారీ మలుపు తిరిగింది.
ఘాటు ఇంకా ముందుంది.
గేరు వేసి, డిప్పు చేసినాను.
టిక్.
వాడు చేయలేదు.