సున్నం వేయని చోటు

ప్రత్తిపాడు దాటాక నాలుగో కిలోమీటరు రాయి దగ్గర
ట్రాలీ ఆటో మమ్మల్ని దించి వెనక్కి తిరిగింది.
నేనూ, మా చెల్లెలు సువర్చలా,
పదకొండు అట్టపెట్టెలూ, మూత పోయిన గ్రైండరూ.

రేగడి నేల మీద కట్టిన ఇల్లు.
అమ్మినవాళ్ళు చెప్పలేదు, తలుపు చెప్పింది.
మే నెలలో చూడ్డానికొచ్చినప్పుడు సాఫీగా మూసుకున్నది
వానల్లో సామాను దించేసరికి
గడపని కరుచుకుని కూర్చుంది.
భుజంతో తోస్తే తెరుచుకుంది. మూసుకోనంది.

వడ్రంగి కరీముల్లా చిత్రిక తీసి, మళ్ళీ సంచిలో పెట్టేశాడు.
"ఇప్పుడు చెక్కితే ఎండాకాలం సందులోంచి పాము దూరుద్ది.
నేల ఎండనీయండి. అదే సర్దుకుంటది."
టీ తాగి, డబ్బులు తీసుకోకుండా వెళ్ళాడు.

తెరిచిన తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని
మొదటి వారమంతా పడుకున్నాం.
సువర్చల ఇంకా నాలుగున్నరకే లేస్తోంది,
అరండల్‌పేటలో పంపు వచ్చే వేళకి.
బిందె పట్టుకుని పెరట్లోకి నడుస్తుంది,
బోరు చూసి ఆగుతుంది,
ఖాళీ బిందెతోనే వచ్చి మళ్ళీ పడుకుంటుంది.
నేను చూడనట్టే ఉంటాను.

సున్నం వేద్దామని ముందుగది గోడ గీకుతుంటే
పాత క్యాలెండరు వెనక బొగ్గు రాతలు.
టిక్కీలు 42. కాటా కూలి. మందు డబ్బా బాకీ.
పంతొమ్మిదేళ్ళు మిర్చి యార్డులో
తుమ్ముతూ కాటా చీటీలు రాసిన చెయ్యి నాది,
అంకెని చూస్తే మనిషి తెలిసిపోతాడు.
ఏడుకి అడ్డగీత పెట్టాడంటే
ఈ చెంచురామయ్య ఎవర్నీ నమ్మి ఉండడు.

మూడో ఆదివారం, ప్రార్థన అయ్యాక కాబోలు,
తెల్లచీర కొంగు తలమీంచి తీయకుండానే
ఒక ముసలామె వచ్చి వాకిట్లో నిలబడింది.
మమ్మల్ని చూడలేదు. ఇల్లు చూడలేదు.
"గోడ మీద నా లెక్క ఉందా, చెరిపేశారా?"

వెతికాను. "ఏలీశమ్మంటే నువ్వేనా?
కోత అడ్వాన్సు, మూడు వందలు."
"పేరు కూడా రాశాడా?"
"రాశాడు. లీ కి దీర్ఘం కూడా పెట్టాడు."
దగ్గరికొచ్చి ఆ దీర్ఘం ఎక్కడుందో చూపించమంది.
చూపించాను. వేలితో ముట్టుకోబోయి, ముట్టుకోలేదు.

నా చేతిలో సున్నం కుంచె కారుతోంది.
"ఆయన పోయి నాలుగేళ్ళు. అడిగేవాళ్ళెవరు?
చెరిపెయ్యమంటావా?"
"తీర్చొద్దూ?"
"ఎవరికి?"
కాసేపు ఆలోచించింది.
"ఇంట్లో ఉన్నది మీరేగా."

రెండు రోజులొచ్చింది.
పెరడంతా తవ్వి, తుంగ గడ్డలు ఏరి,
గట్టు కట్టి బెండ గింజలు పెట్టింది.
రోజుకి నూటయాభై, పదేళ్ళ కిందటి రేటు.
ఇప్పటి కూలి ఇస్తానంటే
"బాకీ అప్పటిది కదమ్మాయ్" అని కొంగు దులిపింది.

రెండో సాయంత్రం పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెచ్చి
నా చేతిలో పెట్టింది.
"అంకె కొట్టెయ్. పేరు ఉండనీ.
కార్డు మీద అక్షరం తప్పు పడ్డది,
పెన్షను పుస్తకంలో ఇంకో తప్పు."

అంకె కొట్టేశాను.
చుట్టూ సున్నం వేసి ఆ జానెడు వదిలేశాను.
చుట్టాలొస్తే ఇదేంటని అడుగుతారు, అడగనీ.

నిన్న పప్పు నిండుకుంటే సువర్చల వెళ్ళి అడిగింది.
దాని కింద నేనే రాశాను, ఏడు అంకె అవసరం పడలేదు:
సోలెడు కందిపప్పు. వంగనారు రెండు కట్టలు.

ఏలీశమ్మ వచ్చి ఏం రాశావంది. చదివాను.
"నారు ఊరికే ఇచ్చాను, అది కొట్టెయ్."
కొట్టెయ్యలేదు.
బయట మళ్ళీ తుంపర మొదలైంది.
తలుపు ఇంకా అలాగే ఉంది.
కుర్చీ మాత్రం ఆమె కూర్చోడానికి ఇటు లాగాను.